ఎడమ చేతికి తేలిక

శనివారం మధ్యాహ్నం షట్టరు సగం దించాక వచ్చాడు.
ముందు సైకిల్ని తోసి, తర్వాత వంగి తనూ దూరి,
"ఇట్సాసో, మూసేశావా?"
మూసేశాననే అన్నాను. వినిపించుకోలేదు.

జోషెమియెల్.
అజ్పెయితియాలో ఈ పేరు చెబితే
యాభై దాటినవాళ్లకు ముందు గుర్తొచ్చేది
అతని మొహం కాదు, కుడిచెయ్యి.
రాయిలాంటి బంతిని ఉత్త అరచేత్తో
ఇరవయ్యేళ్లు గోడకేసి కొట్టినవాడు.
ఆటకు ముందు వాపు దిగాలని
నేలమీద చేతులు పరిచి
అన్నచేత తొక్కించుకునేవాడట.
చేతికి ఎముక లేదంటే దానగుణం.
ఇతని చేతికి ఎముకలున్నాయి,
ఏదీ దాని చోట లేదు.

"గేరు పడటం లేదు" అన్నాడు.
తిప్పి చూశాను.
కేబుల్ కొత్తదే, మేలో నేనే వేశాను.
లీవరు వెన్నలా కదిలింది.
గేరు పడుతోంది, వేలే పడటం లేదు.
ఆ మాట అనకుండా
బల్లమీద గుడ్డ పరిచి రెండు పెట్టెలు విప్పాను.
మూడోది, ఇటలీది,
ధర చూసి తనే మూత పెట్టేశాడు.

ఇది జపాన్‌ది. పాలమీద మీగడ జరిగినంత మెత్తగా
చైను పళ్లు మారుతుంది.
లీవరు పక్కన రెండు బొత్తాలు,
తేలిక్కి ఒకటి, బరువుకి ఒకటి,
ఒకే కాన్పు పిల్లల్లా ఒరుసుకుని.

ఇది అమెరికాది. కాస్త మొరటు.
నొక్కాక ఓ క్షణం ఆలోచించి పడుతుంది.
చేతికొకటే తెడ్డు.
కుడిది నొక్కితే బరువు, ఎడమది నొక్కితే తేలిక,
రెండూ కలిపి నొక్కితే ముందు చక్రం మారుతుంది.

కళ్లు మూసుకోమన్నాను.
మొదటిదానిమీద వేలు వెతికింది.
పైది అడిగితే కిందది, కిందది అడిగితే రెండూ.
"ఇక్కడ రెండున్నాయా?" అన్నాడు,
నాతో కాదు, వేలితో.
రెండోదాన్ని వెతకలేదు.
మూడు వేళ్లూ ఒక్కటిగా చేసి
పక్కనుంచి చరిచాడు, బంతిని చరిచినట్టే.
బల్లమీది చిన్న మోటారు జుయ్‌మంది.

అక్కడితో తేలిపోలేదు.
ఆ ఉక్కు ఫ్రేముకి వైరు దూరే కన్నం లేదని,
జపాన్‌దైతే డ్రిల్లు పెట్టాలని చెప్పాను.
డ్రిల్లు వంక చూశాడు,
ఇంటికొచ్చిన పోలీసుని చూసినట్టు.

"కొండ మధ్యలో ఛార్జింగ్ అయిపోతే?"
ముందుదాని బ్యాటరీ పీకి వెనకదానికి పెట్టుకో.
"అదీ అయిపోతే?"
నడువు.
నవ్వాడు. అడగాల్సింది అడగనే లేదు,
నేనే చెప్పాను:
ఆ టక్కుమనే చప్పుడు ఉండదు, జోషెమియెల్.
కేబుల్ లాగినప్పుడు వేలికి తగిలే ఆ బిగువు కూడా.
చాలాసేపు పాత లీవర్ని నొక్కుతూ కూర్చున్నాడు,
బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టేదాకా,
పుట్టాక ఇంకో రెండుసార్లు.

అరచేతిలో వైకుంఠం చూపించడం నాకు రాదు.
రసీదు చూపించాను.
పద్దెనిమిది వందల యూరోలు,
విప్పిన పాత కేబుల్ వెనక్కివ్వాలన్న షరతు మీద.
చుట్ట చుట్టి ఇస్తే కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మళ్లీ శనివారం, మళ్లీ సగం షట్టరు కింద నుంచి.
భుజాలమీద జల్లు, చేతిలో ఫోను.
ఉర్రాకి కొండ ఎక్కి దిగేలోపు
నాలుగు వందల పన్నెండు సార్లు గేరు మార్చాడని
ఫోను చెప్పిందట.
"నొప్పి?" అన్నాను.
దానికి జవాబివ్వలేదు.
"గోడ దగ్గర ఎవరూ లెక్కపెట్టలేదు" అన్నాడు.
పెట్టి ఉంటే?
"ముందే మానేసేవాణ్ణేమో."
సైకిల్ని బయటికి తోసి, షట్టరు కింద వంగి,
అలా వంగే ఆగి,
"లేదులే" అన్నాడు.